మార్కాపురంలో ఉత్తమ తండ్రి

రాష్ట్రం విడిపోయిన తొలి ఏళ్లలో మార్కాపురంలో ఒక వెబ్‌సైట్‌కు వ్యాసాలు రాసేదాన్ని. ప్రతి వాక్యంలో ఊరి పేరు, 'ఉత్తమ' అనే మాట ఉండాలనేవాడు మా యజమాని. అప్పుడే ఎవరైనా వెతికితే కంప్యూటర్ మా వెబ్‌సైట్‌ను అన్నిటికన్నా పైన చూపిస్తుందట. వాళ్ల నాయన పోతే సంతాప వ్యాసమూ అట్లాగే రాయించాడు. పెద్దకర్మ నాడు బంధువుల ముందు దాన్నే గంభీరంగా చదివాడు. "మార్కాపురంలో ఉత్తమ తండ్రి కావాలా? మార్కాపురంలో ఉత్తమ తండ్రి మా నాయనే!"

నవ్వు బయటపడితే ఉద్యోగం పోతుందని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

వాళ్లమ్మ లేచింది. "ఏందిరా, మీ నాయన్ను అమ్మకానికి పెట్టినావా? ఆయన నీకేం చేసినాడో చెప్పు."

మా యజమాని కాగితం దించాడు. "జరమొస్తే పెద్దారవీడు నించి ఈడ ఆస్పత్రి దాకా నన్ను భుజాన మోసుకొచ్చినాడు" అంటూ భోరుమన్నాడు. అందరం ఏడ్చాం.

మర్నాడు వెబ్‌సైట్‌లో మళ్లీ నా వ్యాసమే పెట్టమన్నాడు. భుజాన మోసిన సంగతి కంప్యూటర్‌కు పనికిరాదట! ఇన్నేళ్లయినా ఆ పెద్దాయన గురించి నాకు గుర్తున్నది ఆ మోసుకొచ్చిన సంగతొక్కటే.