ఎవరూ తీసుకుపోని సైకిళ్ళు

పోయిన నెల కుప్పంలో నేను అద్దెకుండే ఇంటికి రంగులు వేశారు. పని ముగించిన పెయింటరు పెరట్లో కూర్చొని, గుడ్డను కిరసనాయిల్లో ముంచి మోచేతుల దాకా రుద్దుకుంటున్నాడు. లోపల బియ్యం ఏరుతున్న నాకు ఆ వాసన తగలగానే చెయ్యి ఆగిపోయింది. కిరసనాయిలు ఇళ్ళల్లోంచి మాయమై ఎన్నాళ్ళో అయింది, ముక్కు దాన్ని మరిచిపోయి ఉంటుందనుకున్నాను. మరిచిపోలేదు. పుంగనూరులో మా సైకిలు షెడ్డు, పాత చైన్లు నానబెట్టిన రేకు డబ్బా, దాని పక్కన గొంతుకూర్చొని అందరి మీదా అరిచే రెడ్డెప్పన్న, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. "వాసన పడదా అమ్మా?" అని అడిగాడు పెయింటరు. పడుతుందని చెప్పి లోపలి గదిలోకి పోయి కాసేపు ఏడ్చాను. ఆ ఏడుపులో దుఃఖం కంటే కోపమే ఎక్కువ. రెడ్డెప్పన్న గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముందు వచ్చేది కోపమే.

ఆయనను చూడనివాళ్ళకు ఎలా చెప్పాలి? బక్కపలచని మనిషి. గొంతు మాత్రం బస్టాండు దాకా వినపడేది. కళ్ళద్దాలకు ఒక పక్క కాడ విరిగిపోతే, సైకిలు వాల్‌ట్యూబు ముక్క తొడిగి చెవికి తగిలించుకునేవాడు. కొత్తవి కొనుక్కోమంటే, "ఇవి కనపడేదానికి గదమ్మా, అందం సూసుకునేదానికా?" అనేవాడు. తొంభైల మొదట్లో బస్టాండు చుట్టుపక్కల ఎవరికి వారు గోనెపట్టా పరుచుకొని పంక్చర్లు వేసుకునేవాళ్ళను పోగుచేసి, ఖాళీ జాగా ఒకటి బాడుగకు తీసుకొని, రేకుల షెడ్డు వేయించి, సంఘం పెట్టించింది ఆయనే. పనిముట్లు అందరివీ. పని వచ్చినా రాకపోయినా, ఒంట్లో బాగున్నా లేకపోయినా వాటా అందరికీ సమానం. అంతకుముందు గిరాకీ కోసం ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నవాళ్ళు, ఒకే డబ్బాలోని గ్రీజు పంచుకుంటుంటే ఊరు వింతగా చూసింది. ఊళ్ళో అందరికీ అది సంఘం షెడ్డు.

మా నాయన ఆ సంఘంలో మొదటి నుంచీ ఉన్నాడు. నాకు ఇరవై దాటాక ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటికి నేను పదో తరగతి తప్పి పట్టుపురుగులు మేపే దగ్గర కూలికి పోతున్నాను. ఒకరోజు రెడ్డెప్పన్న మా ఇంటికి వచ్చి, నాయన మంచం అంచున కూర్చొని, "రేపట్నుంచి సరోజని పంపించప్పా" అన్నాడు. మరునాడు నేను షెడ్డులో అడుగు పెట్టగానే గొడవ మొదలైంది. అందరికంటే ఎక్కువ అరిచింది బాషా. రెడ్డెప్పన్నకు ఆయన చిన్ననాటి స్నేహితుడు.

"ఆడపిల్ల రోడ్డు మీద కూసోని పంక్చర్లేస్తే జనం మనల్ని సూసి నగరా?"

"నగనీలే. నగేదానికే గదా పండ్లుండేది," అన్నాడు రెడ్డెప్పన్న. "వాటా వాళ్ళ నాయనది. ఆయనకి సెయ్యి పడిపోయింది, ఈ పిల్ల సెయ్యి తెచ్చింది. నీకొచ్చిన నష్టమేందప్పా?"

ఆ రోజు నా చేతికి వంకరపోయిన చక్రం ఒకటిచ్చి బెండు తీయమన్నాడు. మధ్యాహ్నం దాకా కష్టపడి దాన్ని ఇంకా వంకర చేశాను. ఆయన తిట్టలేదు, నవ్వలేదు. స్పోకులన్నీ వదులుచేసి, "మల్లా సెయ్యి" అని పక్కకు పోయాడు. ఎన్నిసార్లు మళ్ళీ చేశానో నాకే గుర్తులేదు. చివరికి చక్రం ఊగకుండా తిరిగింది. సైకిలు యజమాని వచ్చినప్పుడు రెడ్డెప్పన్న నన్ను చూపించి, "ఇది ఈ పాప సేసింది. బాగలేకుంటే నన్ను తిట్టు" అన్నాడు. అతను తొక్కి చూసి, డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. అంతకు ముందు నేను చేసిన ఏ పనికీ ఎవరూ నా పేరు చెప్పలేదు. కూలిపనిలో పేర్లుండవు. ఆ ఒక్క మాటకు నేను ఆ షెడ్డును అంటిపెట్టుకున్నాను.

కొన్నేళ్ళు బాగానే నడిచింది. పాల క్యాన్లు తగిలించుకొని వచ్చేవాళ్ళు, పట్టుగూళ్ళ మూటలు కట్టుకొని పోయేవాళ్ళు, పల్లెల్లో బడికి పోయే అయ్యవార్లు, పొద్దున్నే షెడ్డు ముందు తిరునాళ్ళలా ఉండేది. సైకిలు రాత్రికి షెడ్డులో ఉండాల్సి వస్తే, వెనకాల మడ్‌గార్డు మీద యజమాని పేరూ ఊరూ సుద్దముక్కతో రాసేది రెడ్డెప్పన్నే. తన చేతిలో ఉన్నది తనది కాదని ఆయనకు గట్టి పట్టింపు. షెడ్డులో ఉన్న సైకిలు ఎక్కి టీకొట్టు దాకా పోయివచ్చినా ఒప్పుకునేవాడు కాదు. "ఎవురిదో సొమ్మప్పా, దిగు" అని అరిచేవాడు. మేమంతా ఆయన వెనకాల ఆ గొంతును అనుకరించి నవ్వుకునేవాళ్ళం.

తర్వాత మదనపల్లెలో వాయిదాల మీద మోటారు సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. టమాటా ధర పలికిన ఏడాదల్లా పల్లెకు కొన్ని వచ్చేవి. ఉన్నట్టుండి ఎవరూ మాకు పని ఇవ్వడం మానుకోలేదు. అలా మానుకుని ఉంటే మేలయ్యేది, మా దారి మేము చూసుకునేవాళ్ళం. వాళ్ళు సైకిలు తెచ్చి ఓవరాయిలింగ్ చేసి పెట్టమని చెప్పి, "రేపొస్తా" అని పోయేవాళ్ళు. మేము విప్పి, కడిగి, గ్రీజు పెట్టి, బిగించి పెట్టేవాళ్ళం. వాళ్ళు వచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో మోటారు సైకిలు దిగాక పాత సైకిలును ఎక్కడ పెట్టాలో తెలియక మా దగ్గర వదిలిపోతున్నారని అర్థం కావడానికి మాకు చాలా కాలం పట్టింది. షెడ్డు నిండిపోయింది. కూర్చొని పని చేయడానికి చోటు లేక మేము బయట ఎండలోకి వచ్చాం. లోపల మెరుస్తున్న సైకిళ్ళు వరసగా, చల్లగా నీడలో ఉండేవి. దుమ్ముకు సుద్ద అక్షరాలు చెరిగిపోతే, రెడ్డెప్పన్న శుక్రవారం శుక్రవారం తుడిచి, మళ్ళీ పేర్లు రాసేవాడు.

ఒక సాయంత్రం బాషా అందరినీ కూర్చోబెట్టాడు. ఆ సైకిళ్ళన్నీ పాత ఇనుముకు వేసి, చోటు ఖాళీ చేసుకొని, మోటారు సైకిళ్ళ పని నేర్చుకుందామన్నాడు. ఆయన బావమరిది మదనపల్లెలో మెకానిక్కు, వచ్చి నేర్పిస్తానన్నాడు. అందరూ సరేనన్నారు. రెడ్డెప్పన్న ఒక్కడే తల వంచుకొని పానాను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

"నువ్వు ఊఁ అంటే సాలప్పా. పిల్లోళ్ళు గలవాళ్ళం," అన్నాడు బాషా.

"మనవి కావు గదప్పా అవి."

"ఎవురన్నా వచ్చి అడిగితే గదా మనవో కావో!"

"నేనే పోయి అడుగుతా. ఎవురి సైకిలు వాళ్ళింటికాడ ఇడిసిపెట్టొస్తా. ఉగాది దాకా ఆగండి."

బాషా ఆగుతానన్నాడు. ఉగాదికి కూడా చోటు ఖాళీ కాకపోతే తామంతా పోతామనీ అన్నాడు. అది బెదిరింపు కాదు. ఇళ్ళల్లో పొయ్యి వెలగడమే కష్టంగా ఉన్న రోజులవి.

మరునాడు నేనూ రెడ్డెప్పన్న చెరొక సైకిలు తొక్కుకుంటూ పెద్దపంజాణి దగ్గరి పల్లెకు బయల్దేరాం. సైకిళ్ళు ఇచ్చేసి బస్సులో తిరిగి రావాలని అనుకున్నాం. మొదటి ఇంటి ముందు ఎర్ర మోటారు సైకిలు, దానికి పూలదండ. యజమాని మమ్మల్ని చూడగానే గబగబా వచ్చి ఇంటి వెనక గడ్డివామి దగ్గరికి తీసుకుపోయాడు.

"దీన్ని యాల తెచ్చినావప్పా? ఇంట్లో సుట్టాలుండారు. సైకిలు సూస్తే మల్లా దిగజారినామనుకుంటారు."

"నీ సైకిలేనప్పా. ఎట్ల సేసినామో ఒగసారి సూడు," అని రెడ్డెప్పన్న స్టాండు వేసి, పెడలు చేత్తో తిప్పాడు. చక్రం ఆగకుండా తిరిగింది. ఆ మనిషి దానివైపు చూడలేదు, సందులోంచి ఎవరైనా చూస్తున్నారేమోనని చూశాడు. "నువ్వే పెట్టుకో సామీ, నీకు పుణ్యముంటాది," అన్నాడు. చక్రం తిరిగి తిరిగి ఆగే దాకా రెడ్డెప్పన్న అక్కడే నిలబడ్డాడు.

రెండో ఇంట్లో ఒకావిడ మజ్జిగ ఇచ్చింది. భర్త బెంగుళూరులో కట్టడం పనికి పోయాడట. సైకిలు పెట్టుకోవడానికి ఆమెకు అభ్యంతరం లేదు, చోటు లేదు. కొట్టంలో ఆవులు తొక్కేస్తాయి, బయట పెడితే తుప్పు పడుతుంది, మీ దగ్గరే భద్రమంది. "ఇంకొగటుండాదప్పా, మా మామది. చైను పట్టేసిండాది. అదీ బాగుసేసి పెట్టు. మా ఆయనొచ్చినప్పుడు రెండూ ఒగేసారి తెచ్చుకుంటాడు," అంది. ఆమె మోసం చేయలేదు, ఆ మాట నమ్మే చెప్పింది.

"ఎప్పుడొస్తాడమ్మా?" అడిగాడు రెడ్డెప్పన్న.

"తెలీదప్పా," అంది.

రెండు సైకిళ్ళు ఇచ్చి వద్దామని పోయినవాళ్ళం మూడింటితో వెనక్కి బయల్దేరాం. రెడ్డెప్పన్న ఒకటి తొక్కుతూ, ఆ చైను పట్టేసినదాని హ్యాండిలు పట్టుకొని పక్కన నడిపిస్తున్నాడు. ఊరు దాటాక నేను రోడ్డు మధ్యలో దిగేశాను. "నీకు బుద్ధుండాదా అన్నా? ఆడ బాషన్న వాళ్ళు నీ కోసరం కూసోనుండారు. నువ్వు ఇంకొగటి తెస్తాండావా?" అని అరిచాను. వేరుశెనగ చేలో కలుపు తీసేవాళ్ళు తలలెత్తి చూశారు.

"రిపేరుకిచ్చిందమ్మా," అన్నాడు చిన్నగా. "కాదంటే మనం షెడ్డు పెట్టింది యాలకి?"

అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడడం అంతవరకు నేను వినలేదు. మళ్ళీ సైకిలెక్కి పుంగనూరు దాకా ఆయన వెనకాలే తొక్కాను. షెడ్డు ముందు మూడు సైకిళ్ళు చూసి బాషా మొదట పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే కళ్ళు తుడుచుకున్నాడు.

ఉగాది వచ్చింది, పోయింది. రెడ్డెప్పన్న ఇంకెన్నో ఊళ్ళు తిరిగాడు. ఒకటి రెండు ఇళ్ళల్లో మొహమాటానికి తీసుకున్నారంతే. బాషా వెళ్ళిపోయిన రోజు, పనిముట్లు అందరివీ కాబట్టి ఒక్క పానా కూడా ముట్టలేదు. అన్నం క్యారియరు మాత్రం చేతికి తగిలించుకొని, "నువ్వు మంచోడివేప్పా. మంచోడి కింద బతకలేము," అని రెడ్డెప్పన్న భుజం తట్టి పోయాడు. ఆ వేసవి లోపల మిగతావాళ్ళూ పోయారు. నేనూ ఆయనా మిగిలాం. మా నాయన కూడా ఆ ఏడాదే చనిపోయాడు. షెడ్డు ఎవరి కోసమో కాపలా కాస్తున్నట్టు పొద్దున వచ్చి, సాయంత్రం పోయేవాళ్ళం.

చివరికి జాగా యజమాని దుకాణాలు కట్టుకోవాలి, ఖాళీ చేయండన్నాడు. సైకిళ్ళు పెట్టడానికి ఇంకో చోటు లేక, పాత ఇనుము వ్యాపారిని పిలుచుకొచ్చింది రెడ్డెప్పన్నే. ఆ గోడౌను బజారుకు అవతల ఉంది. కూలీలు సైకిళ్ళను నడిపించుకొని పోవడానికి వచ్చారు. ఆయన వాళ్ళను ఆగమని చెప్పి, పంపు తీసుకొని ఒక్కొక్కదానికీ గాలి కొట్టడం మొదలుపెట్టాడు. కూలీలు ఒకరి మొహాలు ఒకరు చూసుకొని నవ్వారు. నాకు తట్టుకోలేక, "అన్నా, ఆడికి పోతానే సుత్తులతో పగలగొడతారు, దేనికిది?" అన్నాను.

"ఆడిదాకా పోవాల గదమ్మా," అన్నాడు, పంపు ఆపకుండా.

నేనూ ఇంకో పంపు తీసుకున్నాను. ఆ మధ్యాహ్నం మడ్‌గార్డుల మీద పేర్లతో సైకిళ్ళు వరసగా బజారు వీధిలో పోతుంటే, దుకాణాల్లోంచి జనం తొంగి చూశారు. ఎవరి ఊరేగింపో అనుకున్నట్టున్నారు. ఎదురుగా మోటారు సైకిలు మీద వస్తున్న ఒకాయన బండి ఆపి, "ఇది నాదే గదా! ఇన్నాళ్ళూ ఉండిందా?" అని ఆశ్చర్యపోయాడు. చెయ్యి చాపి దాని బెల్లు ఒకసారి కొట్టి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. రెడ్డెప్పన్న అది చూశాడు.

ఆ తర్వాత ఆయన మదనపల్లె పోయి, టమాటా మార్కెట్ దగ్గర ఒక మండీలో కాపలాకు కుదిరాడు. నాకు కుప్పంలో పిల్లల హాస్టల్లో స్టోరు చూసుకునే ఉద్యోగం దొరికింది. ఒకసారి పనిమీద మదనపల్లె పోయినప్పుడు వెతుక్కుంటూ వెళ్ళాను. పెట్టెల మధ్య స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. తిన్నావా అని అడిగి, టీ తెప్పించాడు. అరుపు పోయింది, గొంతే లేదు. ఆయన బాధపడుతుంటాడని, ఓదార్చాలని పోయాను నేను. టీ తాగుతూ ఆయనే మొదలుపెట్టాడు.

"ఆ పొద్దు బాషా సెప్పినట్టు అమ్మేసింటే సంఘం నిలబడుండును సరోజా. అందురూ ఆడనే బతుకుతా ఉందురు. నేనే సెడగొట్టినా."

"అట్లనద్దన్నా. అవి మనవి కావు గదా?"

"మనవి కావు," అన్నాడు. "ఎవురివీ కాకుండా పోయినాయి గదమ్మా."

నన్నెవరైనా చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. అందరూ పోయాక కూడా ఆయన కోసం షెడ్డులో ఉండిపోయినదాన్ని, ఆయన మొండితనానికి నా బతుకు కూడా పణంగా పెట్టి, పైకి తిట్టినా లోపల ఆయనే ఒప్పని నమ్మినదాన్ని. ఆయనకే ఆ నమ్మకం లేదు. బస్సు ఎక్కించేటప్పుడు కిటికీ దగ్గర నిలబడి ఏదో చెప్పబోయి, జాగ్రత్త అని మాత్రం అన్నాడు. మరుసటి ఏడు చనిపోయాడని ఆలస్యంగా తెలిసింది. చివరి చూపుకు కూడా నోచుకోలేకపోయాను.

మా హాస్టల్లో చదువు ముగించిన పిల్లలు పెట్టెలు వదిలేసి పోతారు. తర్వాత వచ్చి తీసుకుంటామంటారు, ఎవరూ రారు. స్టోరు సగం వాటితోనే నిండి ఉంది. వార్డెన్ ప్రతి వేసవిలో బయట పడేయమంటారు, నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. వాళ్ళు రారని నాకు బాగా తెలుసు. తెలిసీ దుమ్ము దులిపి, పెట్టెల మీద పేర్లు కనపడేలా తిప్పి పెడతాను. తాను చేసింది తప్పని చెప్పి ఆయన చేతులు దులుపుకొని పోయాడు, నాకు మాత్రం ఈ పని మానడం చేతకావడం లేదు.