అరువు ఇంటిపేరు

హైదరాబాద్ నుంచి బండి మీద బయల్దేరిన మాకు నరసరావుపేట లాడ్జీల రేట్లు అందలేదు. కోటప్పకొండ కింద సత్రాల్లో చవకగా గదులిస్తారని టీకొట్టులో చెబితే అటు తిప్పాం. అక్కడ కులానికో సత్రం ఉంటుందని నాకు తెలియదు. వెనక కూర్చున్న నా స్నేహితుడు కిరణ్‌కు తెలుసని తర్వాత అర్థమైంది.

హెల్మెట్ తీయగానే సత్రం పెద్దాయన, "ఇంటిపేరేంది బాబూ?" అన్నాడు. చెప్పాను. మొహం విప్పారింది.

"మనోళ్ళేగా. బయటోళ్ళకైతే ఇయ్యం" అంటూ తాళంచెవి తీసి, కిరణ్ వైపు చూశాడు. "ఈ అబ్బాయో?"

కిరణ్ ఇంటిపేరు నాకు తెలియదు. ఆరేళ్ళ స్నేహంలో ఎన్నడూ అడగలేదు. అదే నా గొప్పతనం అనుకునేవాణ్ణి.

"వీళ్ళ బాబాయి కొడుకునండీ" అన్నాడు కిరణ్. రిజిస్టరులో తన పేరు ముందు నా ఇంటిపేరు తడుముకోకుండా రాశాడు.

పెద్దాయన వాడి భుజం తట్టాడు. "పోలికలు తెలుస్తానే ఉన్నాయిగా."

గదిలోకి వెళ్ళాక, "అంత తేలిగ్గా ఎలా చెప్పావురా?" అన్నాను.

"గది కావాలన్నప్పుడల్లా ఎవరిదో ఒకటి చెబుతూనే ఉంటాను" అన్నాడు, బూట్లు విప్పుకుంటూ. "నీది నాలుగోది."