ఓడ బొమ్మ బిళ్ళలు

మా మేనత్త పోయిందని బుధవారం పొద్దున ఆత్మకూరు ఆసుపత్రి నుంచి ఆమె చిన్నకొడుకు ఫోన్ చేశాడు. ఉదయగిరి బస్టాండు పక్కన నాకు జిరాక్స్ షాపు ఉంది. అప్పుడు ఎవరిదో పాస్‌పోర్టు కాపీలు తీస్తున్నాను. మిగిలిన రెండూ తీసి, పిన్ను కొట్టి ఇచ్చి, షట్టర్ దించాను. పని సగంలో వదిలి లేచేవాళ్ళంటే ఆమెకు పడేది కాదు.

ఈ పక్క నుంచి గల్ఫ్‌కి పోయొచ్చిన ఆడవాళ్ళకు ఆమె ఎవరో చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం ఈ నాలుగు మాటలు.

మాది సీతారామపురం దగ్గర ఊరు. వాన పడితే పంట, లేకపోతే లేదు. మామ గొర్రెలు మేపేవాడు. ఆయన నడుం పడిపోయిన ఏడు అత్త కువైట్ పోయి, ఒక ఇంట్లో వంటమనిషిగా పన్నెండేళ్ళు చేసింది. తిరిగొచ్చేటప్పుడు బ్యాగు అడుగున ఒక పాలపొడి డబ్బా తెచ్చింది. దాని నిండా చిల్లర బిళ్ళలు. అంగడికి పోయి సామాన్లు తెచ్చినప్పుడు మిగిలిన చిల్లర నువ్వే ఉంచుకోమని ఆ ఇంటి ముసలామె అనేదట. ఊరికొచ్చాక మార్చుకోవచ్చని అత్త దాచిపెట్టింది.

ఆ డబ్బా పట్టుకుని నేనూ అత్తా బస్సెక్కి ఆత్మకూరు పోయాం. బ్యాంకు కౌంటర్లో మనిషి డబ్బా మూత తీసి చూసి నవ్వాడు.

"నోట్లయితే నెల్లూరులో మారుస్తారు పెద్దమ్మా. చిల్లర ఎవరూ తీసుకోరు. ఇవి చెల్లవు."

"యాడ చెల్లుతాయి?"

"ఆ దేశంలోనే."

"అట్టయితే చెల్లవని ఎందుకంటావు నాయనా? దూరంగా ఉండాయి, అంతే."

తిరుగు బస్సులో నేను ఊరుకోలేక, "పోనీలే అత్తా, పిల్లోళ్ళు ఆడుకుంటారు" అన్నాను.

"పొయ్యి కాడ మాడి తెచ్చుకున్నా. ఆడుకోడానికా రా?"

తర్వాత నెలలోనే మా వీధిలో ఒకామె కువైట్ ప్రయాణమైంది. అత్త గుప్పెడు బిళ్ళలు గుడ్డముక్కలో మూట కట్టి ఆమె చేతిలో పెట్టింది. అట్లా మొదలైంది. ఎందుకిదంతా అని నేను ఒకసారి అడిగాను. అప్పుడు చెప్పింది.

"అన్నం పెడతారు, సబ్బిస్తారు, గుడ్డలిస్తారు. చేతిలో మాత్రం ఏముండదు. మొదటి జీతం ఎప్పుడొస్తాదో తెలీదు. చెత్త పారెయ్యడానికి పొయ్యే దోవలో మూల మీద అంగడి ఉండేది. మూడు నెలలు దాని ముందర నిలబడి చూసి వచ్చేదాన్ని. మనిషికి ఒకర్ని అడక్కుండా కొనుక్కునేది ఒక్కటన్నా ఉండాల రా. నీళ్ళ బాటిలే కానీ, బన్నే కానీ."

డబ్బా అడుగంటుతుందేమో అనుకున్నాను. అడుగంటలేదు. తిరిగొచ్చిన ప్రతి ఆడమనిషి దగ్గరా ఇట్లాంటి చిల్లర ఉండనే ఉంది. గూట్లో, పోపుల డబ్బాలో, పిల్లల పలకల పెట్టెలో. వరికుంటపాడు నుంచి కూడా తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఒకరోజు అత్త నా షాపులో ఉండగా చర్చి పాస్టరుగారు అక్కడికే వచ్చారు. కానుకల సంచిలో పడిన బిళ్ళలు ఆయన కవర్లో పోసి తెచ్చారు.

"దేవుడికి వేసినవమ్మా. మా దగ్గరుంటే ఉత్తగా పడుంటాయి" అన్నారు.

"మీ దేవుడు కువైట్ పోతాడా అయ్యా? పొయ్యేవోళ్ళకే ఇస్తాలే" అంది అత్త. పాస్టరుగారు నవ్వి అక్కడే టీ తాగి పోయారు.

ఆమెకు చదువు రాదు. బొమ్మలు చూసి వేరు చేసేది. ఓడ ఉంటే కువైట్, కూజా ఉంటే దుబాయి, చెట్టు కింద రెండు కత్తులుంటే సౌదీ. పోయే మనిషిని నా షాపు బెంచీ మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, అరచేతిలో ఒక్కో బిళ్ళా పెట్టి ఏది వందో ఏది యాభయ్యో తడిమి చెప్పమనేది. తప్పు చెబితే మళ్ళీ మొదటి నుంచి. ఎవరన్నా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "ఏడ్చేది ఉంటే ఈడనే ఏడ్చి పో. ఆడ టైముండదు" అనేది. మగవాళ్ళకు ఇచ్చేది కాదు. ఒకాయన అడిగితే, "నువ్వు సిగరెట్లు కొంటావు, పో" అని పంపేసింది.

నాకు ఆమె చెప్పింది ఒకటే. "వచ్చినామెకి కాగితంలో ఏముందో చదివి చెప్పకుండా జిరాక్స్ తియ్యబాక." ఇప్పటికీ అట్లానే చేస్తున్నాను. నా షాపును జనం నమ్మారంటే ఆ మాట వల్లే.

ఈ ఏడు ఆమె కిడ్నీలు పాడయ్యాయి. పోయిన సోమవారం ఆత్మకూరులో చూడటానికి పోతే, ఒంట్లో ఎట్లా ఉందో చెప్పనే లేదు.

"వరికుంటపాడు సుజాత శుక్రవారం పోతాది. మూట కట్టి డబ్బాలో పెట్టుండా. అది దానికి చేరాల."

సుజాత నాకూ తెలుసు. నాలుగేళ్ళ బిడ్డను తల్లి దగ్గర వదిలి మొదటిసారి పోతోంది.

"నువ్వే ఇద్దువులే అత్తా."

"నా కొడుకులు మరుస్తారు. నువ్వు చూస్తావా, చూడవా?"

"చూస్తా."

బుధవారం మధ్యాహ్నం ఊరికి చేరేసరికి జనం నిండిపోయారు. వెదురు, కుండ, కట్టెలు అంటూ నన్ను అటూ ఇటూ తిప్పారు. డబ్బా ఎప్పుడూ ఉండే అటక మీద చూసేసరికి అది లేదు. అప్పటికే పాడె కదిలింది. నేను పరుగెత్తుకుంటూ పోయి కలిశాను. ముందర అత్త పెద్దకొడుకు, మా పెద్ద బావ, పళ్ళెంలో బొరుగులూ చిల్లరా కలిపి చల్లుకుంటూ నడుస్తున్నాడు. దుమ్ములో పడినదాన్ని ఎత్తి చూశాను. ఓడ బొమ్మ.

"బావా, ఇవి యాడివి?"

"అటక మీద డబ్బాలోవి. మూట కూడా ఉంటే ఇప్పి పోసినా. చిల్లర దొరకలేదబ్బయ్యా. ఎట్టాగూ చెల్లనియ్యే గదా."

పళ్ళెం అడుగున నాలుగైదు మిగిలి ఉన్నాయి. సంగతి చెప్పాను. ఆయన పళ్ళెం నా చేతికిచ్చి, తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

దింపుడుకళ్ళం దగ్గర పాడె దించారు. నేను వెనక్కి తిరిగి దోవలో పడినవి ఏరబోతే ఒక పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు.

"శవం ముందర చల్లిన డబ్బులు ఇంటోళ్ళు ఎత్తకూడదు. అందులోనూ ప్రయాణం పొయ్యే పిల్లకి ఇస్తావా? దాని బతుకు ఏం గావాల?"

మా వైపు పద్ధతి అదే. చూస్తానని అత్తకు చెప్పాను. ఈ మనిషి చెప్పిందీ కాదనలేను. వెనక ఆడవాళ్ళలో సుజాత నిలబడి ఉంది. చావు సంగతి విని బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, భుజాన సంచి అట్లానే ఉంది. అందరూ ఆ పిల్ల వైపే చూశారు.

"ఆమె నాకని కట్టి పెట్టింది పెద్దాయనా" అంది సుజాత. "నాకేం గాదు."

సంచి కింద పెట్టి, కొంగు నడుముకు దోపుకుని వంగింది. తర్వాత కువైట్‌లో చేసొచ్చిన ఒకామె వంగింది. ఆమె పక్కన ఇంకొకామె.

పెద్ద బావ తల్లి చెవి దగ్గర వంగి మూడుసార్లు అమ్మా అని పిలిచాడు. పెద్దాయన పాడె పక్కనే దుమ్ములో గొంతుకూర్చున్నాడు. వాళ్ళ వెనక, ఊరిదాకా ఉన్న మట్టిదోవ పొడవునా, ఎండలో ఆడవాళ్ళు వంగి బొరుగుల మధ్య వెతుకుతున్నారు. దొరికినదాన్ని చీరకు తుడిచి, బొమ్మ చూసి, సుజాత కొంగులో వేస్తున్నారు. మోసేవాళ్ళు నలుగురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. పాడె ఎత్తమని ఎవరూ అనలేదు.