ట్రెడ్‌మిల్ మీద కర్రెగాడు

2018 ఎండాకాలం. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల పోయే రోడ్డు మీద నేను సొంతంగా పశువుల క్లినిక్ పెట్టుకుని అప్పటికి కొన్నేళ్ళయింది. ముందు గదిలో కుక్కలు, పిల్లులు. వెనక రేకుల షెడ్డులో గొర్రెలు, మేకలు. ఈ రెండింటి నడుమ ఉన్న చిన్న గదిలో ఒక ట్రెడ్‌మిల్ ఉండేది. ఊళ్ళో ఒక జిమ్ మూతపడితే పాతదే కొని తెచ్చుకున్నాను. దాన్ని చూసి నవ్వని మనిషి లేడు. "కుక్కకు ఇంట్ల వాకింగా డాక్టరమ్మా, బయట ఇంత జాగా ఉండంగ?" అని అడిగేవాళ్ళు.

నవ్వినా తప్పు లేదు. కాని మా దగ్గర ఏప్రిల్ దాటితే పొద్దున ఎనిమిదింటికే తారు రోడ్డు కాలుతుంది, కుక్కల అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. అదొక్కటే కాదు. కాలు విరిగి అతుక్కున్న కుక్కకు కావలసింది పరుగు కాదు, నడక. కాలు నొప్పిగా ఉన్న కుక్క దాన్ని పైకి ఎత్తి పెట్టుకుని మూడు కాళ్ళ మీదే పని కానిచ్చేస్తుంది. వాడని కాలు చిక్కిపోతుంది. వేగంగా పోయేటప్పుడు మూడు కాళ్ళతో గెంతవచ్చు గాని, బాగా మెల్లగా నడవాలంటే నాలుగోది కింద పెట్టక తప్పదు. రోడ్డు మీద ఆ వేగం మన చేతిలో ఉండదు. ట్రెడ్‌మిల్ మీద ఉంటుంది. కడుపు కింద హార్నెస్, అంటే వెడల్పాటి పట్టీ కట్టి, బరువు కొంత మనం మోస్తూ, బెల్టును నత్తలాగ తిప్పుతాం.

ఆ ఎండల్లోనే లింగయ్య తన కుక్కను తెచ్చాడు. జడ్చర్ల అవతల ఊరు, గొర్లు కాసే కుటుంబం. యాభై అయిదు దాటి ఉంటాయి, సన్నటి మనిషి, భుజాన గొంగడి. ఆయన భార్య ఎల్లమ్మ కూడా వచ్చింది. ఆటోలో గోనెసంచి పరిచి పడుకోబెట్టుకుని వచ్చారు. నల్లటి నాటు కుక్క, పేరు కర్రెగాడు. ట్రాలీ ఆటో కింద పడి కుడి వెనక కాలి తొడ ఎముక విరిగితే, హైదరాబాద్‌లో పెద్ద పశువుల దవాఖానకు తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. ఎముక మీద ప్లేటు, అంటే రెండు ముక్కలను కలిపి పట్టే ఇనుప పట్టీ వేశారు. ఎముక బాగానే అతుక్కుంది. కాని వాడు ఆ కాలు నేలకు ఆనించడం లేదు. తొడ కండ ఎండిపోయి రెండో తొడలో సగం కూడా లేదు.

"ఎట్లయింది?" అని అడిగాను.

"అడ్డమొచ్చిండమ్మా," అన్నాడు లింగయ్య. ఇంకేం చెప్పలేదు.

గొర్ల కుక్క కోసం హైదరాబాద్ దాకా పోయినవాళ్ళను నేను అంతకు ముందు చూడలేదు. మా క్లినిక్‌లో పనిచేసే సలీం భాయ్ కూడా అదే మాట అన్నాడు. ఎల్లమ్మ విని, "గాడు లేకపోతే మా గొర్లు లేవు," అంది.

మొదట మిషన్ ఆపి, కర్రెగాడిని దాని మీదే కూర్చోబెట్టి రొట్టె పెట్టాం. తర్వాత వాడు పక్కన ఉండగా ఖాళీగా తిప్పి ఆ చప్పుడు అలవాటు చేశాం. భయం తొందరగానే పోయింది. చిక్కు తర్వాత మొదలైంది. బెల్టు కదలగానే వాడు నాలుగడుగులు వేస్తాడు, కుడి కాలు కూడా ఆనిస్తాడు, అంతలోనే ఎడమ వైపుకు ఒరిగి, అంచు దాటి కిందికి దిగుతాడు. మిషన్ కుడి అంచు గోడకు ఆనుకుని ఉండేది, మనుషులు నిలబడే జాగా ఎడమ పక్కనే. లింగయ్య అక్కడ పట్టీ పట్టుకుని నిలబడేవాడు. కర్రెగాడు దిగి, ఆయన వెనక నుంచి కుంటుకుంటూ చుట్టు తిరిగి, అవతలి పక్కకు పోయి నిలబడేవాడు. ఎక్కిస్తే మళ్ళీ అదే పని.

కుడి కాలు నొప్పి వల్ల ఎడమకు ఒరుగుతున్నాడనుకున్నాను. మళ్ళీ ఎక్స్‌రే తీశాను. ప్లేటు ఉన్నచోటే ఉంది. తుంటి కీలు బాగుంది. నొప్పి మందు పెంచాను. మార్పు లేదు. కండ మాత్రం ఇంకా తగ్గుతోంది. ఇట్లాగే ఇంకొన్ని వారాలు పోతే ఆ కాలు ఉన్నా లేనట్టేనని నాకు తెలుసు. వాళ్ళకు ఎట్లా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

అంతలో బెల్టు వదులైతే మెకానిక్ వచ్చి బిగించాడు. పని కోసం మిషన్‌ను గది నడుమకు జరిపి, అట్లాగే వదిలేసి పోయాడు. మరునాడు లింగయ్య వచ్చి, ఆ గదిలో అడుగు పెట్టగానే దగ్గరైన పక్కనే, అంటే మిషన్‌కు కుడి పక్కన, నిలబడ్డాడు. సలీం భాయ్ స్విచ్ వేశాడు.

కర్రెగాడు నడిచాడు. తల నిటారుగా పెట్టి, ఒరగకుండా, నాలుగు కాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ, మేము ఆపేదాకా నడిచాడు. సలీం భాయ్ నన్ను చూశాడు, నేను ఆయన్ను చూశాను. అనుమానం వచ్చి లింగయ్యను ఎడమ పక్కకు రమ్మన్నాను. కుక్క వెంటనే దిగింది. మళ్ళీ కుడికి పంపాను. మళ్ళీ నడిచింది.

"లింగన్నా, బయట పోయేటప్పుడు వీడు నీకు ఏ దిక్కు నడుస్తడు?"

"గీ దిక్కే," అని ఎడమ తొడ మీద తట్టుకున్నాడు.

"నువ్వే నేర్పినవా?"

"లేదమ్మా. మొదట్ల ముందట ఉర్కుతుండె, ఎనక ఉర్కుతుండె. ఒక రెండేండ్ల సంది గీ పక్క ఇడిసిపెడ్తలేడు."

రెండేళ్ళు అన్న మాట నా చెవిలో పడింది గాని, అప్పటికి నాకేమీ తట్టలేదు. పోయేటప్పుడు మందుల చీటీ ఆయన ఎడమ చేతి పక్కగా అందించాను. తీసుకోలేదు. కుక్కనే చూస్తూ ఉన్నాడు. పిలిస్తే, కళ్ళు తిప్పకుండా ముఖమంతా తిప్పి చూశాడు. అప్పుడు తట్టింది నాకు.

"అన్నా, జర కుడి కన్ను అరచేత్తోని మూసుకో."

"ఎందుకమ్మా? నాకేమైంది?" అన్నాడు. చెయ్యి మాత్రం లేవలేదు. తలుపు దిక్కు చూసి గొంతు తగ్గించాడు. బయట బెంచీ మీద ఎల్లమ్మ కూర్చుని ఉంది.

"మెల్లగ మాట్లాడమ్మా. ఆమెకు తెల్వదు."

ఎడమ కన్ను పొగ కమ్మినట్టు మొదలై, చివరికి ఏమీ కనబడకుండా పోయిందట. ఇంట్లో చెప్పలేదు. కొడుకు జడ్చర్లలో మందుల కంపెనీలో పని చేస్తున్నాడు. గొర్లు అమ్మేసి ఇంట్లో కూర్చోమని ఎప్పటి నుంచో పోరుతున్నాడు. "కన్ను పోయిందంటే తెల్లారి గొర్లను బండి ఎక్కిస్తరు," అన్నాడు లింగయ్య. "కూసొని నేనేం జెయ్యాలె? నాకు ఇంకొక పని రాదు."

నేను అడగకుండానే ఇంకో మాట చెప్పాడు.

"కర్రెగాడు అడ్డం రాలే. మందను రోడ్డు దాటిస్తున్న. ట్రాలీ నా ఎడమ దిక్కు నుంచే వచ్చింది. నాకు కనవడలే. గాడు వచ్చి నన్ను గుద్దిండు, నేను ఎనక్కి వడ్డ. బండి వాని కాలు మీదికెళ్లి పోయింది. ఊర్లె అందరికి కుక్కదే తప్పని చెప్పిన."

కర్రెగాడు బెల్టు మీదే పడుకుని నాలుక బయట పెట్టి రొప్పుతున్నాడు. లింగయ్య వంగి వాడి వీపు మీద చెయ్యి వేశాడు. ఇద్దరిలో ఎవరిని చూడాలో నాకు తోచలేదు.

నేను కండ్ల డాక్టర్‌ను కాదు. ఆ మాటే ఆయనతో చెప్పాను. ఒక కన్ను అట్లా పోతే రెండోది కూడా మెల్లగా పోవచ్చు, ఇప్పుడు చూపించుకుంటే అదైనా దక్కుతుందన్నాను. ఎల్లమ్మకు చెప్పొద్దని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నేను చెప్పను. నువ్వే చెప్పాలె," అన్నాను.

ఆ తర్వాత ఆయన రాలేదు. నేను పోగొట్టుకున్నది ఒక కుక్క వైద్యమా, ఒక మనిషి నమ్మకమా అని చాలా బాధపడ్డాను. ఆ వారం చివర ఎల్లమ్మ ఒక్కతే ఆటోలో కర్రెగాడిని తీసుకుని వచ్చింది.

"ఆయన రానంటుండు. ఇంట్ల మాట్లాడుతలేడు. నువ్వేమన్న అన్నవా బిడ్డా?"

ఏమీ అనలేదని చెప్పి కుక్కను మిషన్ ఎక్కించాను. ఎల్లమ్మ ఎడమ పక్క నిలబడింది, కుడి పక్క నిలబడింది, పేరు పెట్టి పిలిచింది. కర్రెగాడు కదలలేదు. వాకిలి దిక్కే చూస్తున్నాడు.

"ఆయన ఉంటే నడుస్తడా?"

"నడుస్తడు," అన్నాను. రెండో అబద్ధం చెప్పలేక ఇంకో ముక్క కలిపాను. "ఆయన కుడి పక్క నిలబడితేనే."

ఎల్లమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు ఎరుకే," అంది. "అన్నం గిన్నె కుడి దిక్కే పెడ్తున్న. మంచం తిప్పేసిన. ఎడమ దిక్కున్న గంప, బిందె, అన్నీ తీసిన. ఆయన చెప్పలే, నేను అడగలే. అడిగితే మనిషి కుంగిపోతడేమో అని."

"ఇప్పుడు అడగాలె అవ్వా. రెండో కన్ను కోసమన్న."

ఆమె తల ఊపింది. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరు ముందు నోరు తెరిచారో నాకు తెలియదు. తర్వాతి సోమవారం ముగ్గురూ కర్రెగాడిని తీసుకుని వచ్చారు, కొడుకు కూడా. మహబూబ్‌నగర్‌లోనే కండ్ల దవాఖానలో చూపించుకుని, అటు నుంచి అటే నా దగ్గరికి వచ్చారు. నీటికాసులు అన్నారట. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరాన్ని తినేసే జబ్బు. ఎడమ కన్ను ఇక రాదు. కుడి కంట్లో కూడా అంచులు పోవడం మొదలైంది గాని, రోజూ చుక్కలు వేసుకుంటే ఆపవచ్చన్నారు.

కొడుకు నా ముందు నిలబడి తండ్రితో ఒకటే మాట అన్నాడు. "నాకు ముందే చెప్తే అయిపోతుండె గదా నాయినా." గొంతులో కోపం లేదు. లింగయ్య పోయి మిషన్‌కు కుడి పక్క నిలబడ్డాడు. సలీం భాయ్ స్విచ్ వేశాడు.

వానలు పడేదాకా కర్రెగాడు ట్రెడ్‌మిల్ మీద నడిచాడు. తొడ కండ చాలావరకు తిరిగి వచ్చింది. కొంచెం కుంటు మిగిలింది, పరుగు మునుపటిలాగ లేదు. సగం మందను అమ్మారు, సగం ఉంచుకున్నారు. ఎల్లమ్మ కూడా గొర్ల వెంట పోవడం మొదలుపెట్టింది. రోడ్డు దాటించే పని ఆమెది. ఒక వానాకాలం, ముసురుకు జబ్బు పడ్డ గొర్లకు మందు కోసం వచ్చినప్పుడు లింగయ్యను కుడి కన్ను సంగతి అడిగాను. "చుక్కలు ఆమెనే ఏస్తది," అన్నాడు.

కుక్కకు ఆయన కన్ను పోయిన సంగతి తెలుసా అని చాలామంది అడుగుతారు. తెలుసని నేను చెప్పలేను. ఎడమకు జారిపోయే గొర్లను ఆయన కేక వేసి మలపడం మానేశాడు, ఆ పని కుక్క మీద పడింది, పడి అలవాటైంది. అంతవరకే నేను చెప్పగలిగింది. ఆ రోడ్డు మీద ఆయన్ను ఎందుకు గుద్దాడన్నదానికి మాత్రం నా చదువులో జవాబు లేదు.

ఆ ఇంట్లో ఒకరు దాచారు, ఒకరు తెలిసి ఊరుకున్నారు. ఇద్దరూ ప్రేమతోనే. ఆ ప్రేమలో రెండేళ్ళు గడిచాయి, రెండో కన్ను అంచులు పోయాయి. పశువుల డాక్టర్‌గా నేను జంతువుల ఒంటిని చూసి జబ్బు పట్టడం నేర్చుకున్నాను గాని, వాటిని తెచ్చిన మనుషుల దగ్గర వాళ్ళు చెప్పిన మాటే నమ్మేదాన్ని. కర్రెగాడి తర్వాత, మాట వింటూనే వాళ్ళు ఎట్లా నడిచి వచ్చారో, ఎక్కడ నిలబడ్డారో కూడా చూస్తున్నాను.