లోపలి గదిలో మువ్వలు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మడానికైనా భయపడడానికైనా కొంత తీరిక కావాలి. నాకు అది లేదు. మా పాప మేఘనకు ఏడేళ్లు. ఆటిజం ఉంది. మాట రాదు, పిలిస్తే పలకదు, తలుపు తెరిచి ఉంటే వెళ్లిపోతుంది. తలుపు, గొళ్లెం, బావి, రోడ్డు. ఇవి తప్ప నా తలలో మరో ఆలోచన నిలిచేది కాదు.

ములకలపల్లి దగ్గర, అడవి అంచున ఉన్న ఒక ఊరిలో నేను టీచరును. మా వారి ఉద్యోగం ఖమ్మంలో. పాప వెనుక నేను పరుగెత్తడం చూసి పక్కింటి ముత్తమ్మ ఒకరోజు, "అడవికి తోలే గొడ్డుకు గంట కడతం గద మేడమ్, పిల్లకు మువ్వలు కట్టరాదు?" అంది. ఆ పోలిక నొప్పించవలసింది. నొప్పించలేదు. ఆ వారమే మువ్వల పట్టీలు కొన్నాను.

పాప కూర్చుని ఊగేటప్పుడు మువ్వలు రెండుసార్లు మోగి, ఆగి, మళ్లీ రెండుసార్లు మోగేవి. అది వింటూ వంట చేసుకునేదాన్ని.

జరిగినదంతా ఆ సాయంత్రమే డైరీలో రాసుకున్నాను కనుక, జ్ఞాపకాన్ని నమ్మి చెప్పడం లేదు. వేసవి సెలవులు; బీడీల కోసం తునికాకు కోసే రోజులు. మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. లోపలి గదిలో మువ్వలు మోగుతున్నాయి. కంచె అవతల ముత్తమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"ఏం జేస్తుంది పాప?"

"ఊగుతోంది."

"అవ్, ఇనపడుతనే ఉంది. రేడియో పెట్టిన్రు పో ఇంట్ల!" అని నవ్వింది.

అప్పుడే ఆమె భర్త ఎర్రయ్య వీధి వైపు నుంచి పెరట్లోకి వచ్చాడు. అతని భుజం మీద మేఘన.

"ఏంది మేడమ్, పిల్లను గిట్ల ఇడిసిపెడితే ఎట్ల? ఆకు కట్టలు ఎండబెట్టిన కల్లంల, వరుసల నడుమ కూసుంది. లారీ ఎనకకొస్తుంటె జల్దీ గుంజుకొచ్చిన."

పాప కాళ్లకు పట్టీలు రెండూ ఉన్నాయి. కాళ్లు కదలడం లేదు. లోపల మువ్వలు మోగుతూనే ఉన్నాయి.

ముగ్గురమూ విన్నాము. ముత్తమ్మ నవ్వు ఆగిపోయింది. ఎర్రయ్య పాపను నా చేతికివ్వకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు.

నేను గడప దాటగానే చప్పుడు ఆగింది. గదిలో చాప, దిండు ఉన్నాయి. కిటికీ మూసి ఉంది. మోగగల వస్తువేదీ లేదు. వీధి తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. పాప గొళ్లెం తీయడం నేర్చుకున్నదని నాకు తెలిసింది అప్పుడే.

భయం వేయలేదు. ఏడుపు రాలేదు. పాపకు అన్నం పెట్టాను. మిగిలిన బట్టలు ఆరేశాను.

మా వారు ఎలుకలై ఉంటాయన్నారు. గొళ్లెం పైకి మార్పించాను, పట్టీలు తీసి ముత్తమ్మ చెప్పినట్టు వాగులో వేశాను. ఆమె ఇప్పటికీ మా ఇంటికి వస్తుంది కానీ ఆ గది వైపు చూడదు.

ఆ చప్పుడు ఏమిటో నేను చెప్పలేను. అప్పుడప్పుడు మధ్యాహ్నం వేళ అది ఇంకా వినిపిస్తుంది. రెండు, విరామం, రెండు. ఆ గదిలోకి నేను వెళ్లను. చేతిలో ఉన్నది వదిలేసి, పాప ఎక్కడుందో చూడడానికి వీధిలోకి పరుగెత్తుతాను.