గ్రైండర్ కింద పోయిన అంకె

లాక్‌డౌన్లు అయిపోయినంక రెండో ఎండకాలం నన్ను చిరాగ్‌పల్లి షెడ్డుల హెడ్ మిస్త్రీ కింద పెట్టుకున్నరు. అంతకుముందు ఇరవై రెండేండ్లు జహీరాబాద్‌ల ట్రాక్టర్లు బాగుజేసే వర్క్‌షాపుల చేసిన. ముందుగాల ఫిట్టర్, ఆ తర్వాత మిస్త్రీ, దాని మీద హెడ్ మిస్త్రీ. హెడ్ మిస్త్రీ అంటె, బండి మీద ఎవ్వరు చెయ్యేసినా జవాబు చెప్పవలసింది ఆయనే. నా పేరు నర్సిములు. ఐదో తరగతి కాడ బడి బంద్ జేసిన. రాసుడు నాకు అలవాటు లేదు. మా పని ఎట్లుంటదో రాయిమని ఒక పత్రికోళ్ళు అడిగిన్రు గనుక ఒక్క సంగతి రాస్తున్న. ఏ సంగతి రాద్దునా అని నాలుగు రోజులు ఆలోచించిన. ఇది రాయొద్దనే అనుకున్న.

షెడ్డు ప్రసాదరావు సారుది. ఆయన గోదావరి దిక్కు మనిషి, ఇక్కడి ట్రాక్టర్ ఫ్యాక్టరీల ఇంజనీరు చేసి రిటైరయిన్రు. రిటైరయినంక పాత రేసుకార్లు కొనుడు, బాగుజేసి అమ్ముడు పెట్టుకున్నరు. రేసుకార్లంటె టీవీల చూపెట్టే కొత్తయి కాదు. పాతయి, ఒక్కడే కూసునేటియి. డోర్లుండయి, టాపుండది, మడ్‌గార్డులుండయి, నాలుగు చక్రాలు బయటికే ఉంటయి. నడిపేటోడు తొట్ల కూసున్నట్టు కాళ్ళు చాపుకోని కూసుంటడు. ఎనకట మద్రాసు, కలకత్తా, పుణె దిక్కు ఖాళీగున్న ఏరోడ్రోముల మీద వీటికి పోటీలు పెట్టేటోళ్ళంట. బయటి దేశం బండి తెప్పించుకునే తాకతు అందరికి లేకుండె. అందుకని మన మిస్త్రీలే ఇనుప పైపులు అతికి ఫ్రేము చేసి, పాత టాక్సీ ఇంజన్ ఎక్కించి, పైన అల్మీనం రేకు తొడిగేటోళ్ళు. గసొంటి బండ్లు ఇప్పుడు గోదాములల్ల, పశుల కొట్టాలల్ల పడి ఉంటయి. సారు ఎతికి తెచ్చేటోరు. ముంబై రోడ్డు మీద ఉన్నం గనుక అటు మహారాష్ట్రోళ్ళకు, ఇటు హైదరాబాదోళ్ళకు మా షెడ్డు అందేది.

ఈ బండ్లకు ఆర్‌సీ ఉండది. రోడ్డు మీద నడిచేటియి కావు గదా, ఆర్టీవో ఆఫీసు మొకమే సూడలే. మరి ఇది ఫలానా బండే అని ఎట్ల తెలుస్తది? చేసినోడు ఫ్రేము పైపు మీద సుత్తెతోటి కొట్టిన నెంబరు ఒక్కటే సాక్ష్యం. అందుకని సారు ఒక కాయిదా పెట్టిన్రు. బండి షెడ్డుల దిగంగనే ఆ నెంబరు మీద కాయితం పెట్టి, పెన్సిల్ తోటి రుద్ది అచ్చు తియ్యాలె. ఆర్టీవో కాడ చాసిస్ నెంబరుకు తీస్తరు, అట్లనే. ఆ అచ్చు రిజిస్టర్ల అతికించినంకనే పానా ముట్టాలె. అచ్చు తీసుడు హెడ్ మిస్త్రీ పని.

ఆ ఎండకాలం షోలాపూర్ దిక్కు నుంచి ఒక ఎర్ర బండి దిగింది. ముందటి మూతి సొట్టవడి ఉన్నది. అమ్మినాయన దాని నెంబరు ఆర్ 41 అని చెప్పిండు. పుణెల ఒక మిస్త్రీ తన గ్యారేజీల ఒక్క తీరువే రెండు బండ్లు చేసిండంట. ఆర్ 41 తానే నడిపిండు, ఆర్ 42 వేరేటోళ్ళకు అమ్మిండు. ఆయన పోయి చాన ఏండ్లయింది. ఆయన బిడ్డ ఒక మేడం, కాలేజీల లోహాల గురించి పాఠాలు చెప్పి రిటైరయింది. నాయిన నడిపిన బండి కోసం ఏండ్ల సంది ఎతుకుతున్నది. సారు ఆమెకు ఫోన్ జేసి, దొరికిందండీ, నలభై ఒకటే, అని చెప్పిన్రు. బేస్తవారం వస్త అన్నదంట.

బండి దిగిన నాడు నేను అచ్చు తియ్యలే. నెంబరున్న పైపు బ్రేక్ పెడల్ కింద, మూలకు ఉన్నది. దాని మీద రంగు నాలుగు పొరలు. ఎల్లకిల పండుకోని తల లోపలికి దూర్చాలె. రేపు తీస్త అనుకున్న. రిజిస్టర్ల ‘తరువాత’ అని రాసి జాగ ఇడిసిపెట్టిన.

సోమవారం పొద్దుగాల సారు హైదరాబాద్ పోతూ, పెడల్ బ్రాకెట్ ఊగుతోంది, అతికించు అన్నరు. “మిగతాదేం ముట్టుకోకు నర్సిములూ. ఈ కొనేవాళ్ళకి పాత మకిలి కూడా ముద్దే” అన్నరు. నిజమే, ఈ యాపారంల పాతదనానికే కిమ్మత్. కాని నేను ట్రాక్టర్ల మనిషిని. తుప్పు మీద వెల్డింగ్ పెడితె పట్టది, పది దినాలకు ఊడుతది. పైగ అది బ్రేకు. గ్రైండర్ అందుకోని బ్రాకెట్ సుట్టు రంగు, తుప్పు తోముకుంట పోయిన. నెంబరు గూడ ఆ పైపు మీదనే ఉన్న సంగతి యాదికి రాలే. ఇనుము తెల్లగ మెరిసింది. వెల్డింగ్ మంచిగ కుదిరింది. కండ్లద్దాలు తీసి సూసిన. రంగు లేసిపోయిన కాడ ఆర్ కనవడ్తున్నది. పక్కన నాలుగు కనవడ్తున్నది. దాని పక్కన ఉత్త తెల్ల ఇనుము.

వేలు పెట్టి తడిమిన. గోరు పెట్టి గీకిన. సెల్లు లైటు ఏసి సూసిన. అక్కడ ఒకటి ఉండెనో, రెండు ఉండెనో నేను సూడనే లేదు. ఆ బండి ఏ బండో చెప్పే అంకె అదొక్కటే. అది పొట్టు పొట్టయి నా చెప్పుల మీద పడి ఉన్నది.

సారుకు ఫోన్ జేద్దామని తీసిన. మళ్ళ జేబుల పెట్టుకున్న. అట్ల మూడు సార్లు.

పొద్దుమీకి ఇంట్ల బువ్వ పోలే. నా భార్య అంజమ్మ ప్లేటు దిక్కు సూసింది.

“ఏందయ్యా, జొన్నరొట్టె తోటి ఏమన్న పంచాదా?”

“కడుపుల మంచిగ లేదు.”

“కడుపుల కాదు, నీ మొకంల మంచిగ లేదు. ఎవరి బండి ఇరగ్గొట్టినవ్?”

“ఇరగ్గొట్టలేదే.”

“మరి ఏం జేసినవో పోయి చెప్పరాదు. నీకు పని జేసుడొస్తది, తప్పు చెప్పుడు రాదు.”

మంగళవారం అందరు అన్నాలకు పోయినంక పంచుల డబ్బ తీసిన. పంచులంటె వేలెడు ఉక్కు ముక్కలు, ఒక్కోదాని కొనకు ఒక్కో అంకె చెక్కి ఉంటది. ట్రాక్టర్ల సామాన్ల మీద గుర్తు కొట్టనీకి నా కాడ ఎప్పటి సంది ఉన్నయి. ఒక పైపు ముక్క మీద కొట్టి సూసిన. నలభై ఒకటి, నలభై ఒకటి, మళ్ళ నలభై ఒకటి. ఇరవై దాక కొట్టినంక చెయ్యి అలవాటయింది. అప్పుడు బండి కిందికి దూరి, తెల్ల ఇనుము మీద ఒకటి పంచు నిలవెట్టి సుత్తె లేపిన.

కొట్టలే. నీతి కోసం ఆగిన అని రాస్తె అబద్దమైతది. పాత నాలుగు పెద్దగున్నది. నా పంచులు చిన్నయి, నా ఒకటి దాంట్ల సగం గూడ ఉండది. పక్క పక్కన పెడితె గుడ్డోడు గూడ పోలుస్తడు. దొరికిపోత అని భయమయింది. పైపు ముక్కను తీస్కపోయి ముక్కల ర్యాకుల పెట్టిన. మేము జానెడు పైపు గూడ పారెయ్యం. సైజు సూసి ర్యాకుల పెడ్తం. చెయ్యి దానంతట అదే పెట్టింది.

బుధవారం సారు వచ్చిన్రు. చెప్పిన. ఆయన టోపీ తీసి బెంచీ మీద పెట్టిన్రు.

“ఎంత పని చేశావయ్యా! పోనీ పెన్సిల్ అచ్చు ఉందిగా, అది పట్రా.”

“తియ్యలే సారు.”

పెడల్ కాడ వంగి సూసి లేసిన్రు. ఆఖరికి, “సరే, ఒకటి కొట్టెయ్యి” అన్నరు.

“సారు, అది రెండైతే?”

“అమ్మినాయన ఒకటన్నాడు కదా. ఒకటే అది.”

“నా పంచు పాతదానికి కలవది సారు.”

“అయితే రంగు పూసెయ్యి. ఆవిడేం పాక్కుంటూ దూరి చూస్తుందా? రేపు మాత్రం నువ్వు నోరు విప్పకు.”

పూసిన. కొత్త రంగు తెలవకుంట ఇంత మసి గూడ కలిపిన. సోమవారం తప్పు తెలువక అయింది. ఇది తెలిసి చేసింది.

బేస్తవారం పది గంటలకు మేడం వచ్చింది. అరవై దాటి ఉంటయి, భుజానికి బట్ట సంచి. బండి సుట్టు రెండు సార్లు తిరిగింది. సీటు మీద చెయ్యి పెట్టి కొంచెం సేపు నిలవడ్డది. బండి కిందికి పోతదేమో అనుకున్న. పోలే. దాని పాత సామాను ఏమన్న ఉన్నదా అనుకుంట ర్యాకు కాడికి నడిచింది. పైపు ముక్కలు ఒక్కొక్కటి తిప్పి సూసుకుంట, నేను పెట్టిన ముక్క బయటికి గుంజింది.

“మిస్త్రీజీ, యే క్యా హై?”

దాని పొడుగూత నలభై ఒకటి, నలభై ఒకటి. సారు నా దిక్కు సూసిన్రు. ఆ తర్వాత మాటలన్ని హిందీలనే అయినయి, నేను తెలుగుల రాస్తున్న.

గ్రైండర్ సంగతి, రంగు సంగతి అంత చెప్పిన. సారు మాట మాత్రం చెప్పలే. సారే, పూయమన్నది నేనండీ అని ఒప్పుకున్నరు. మేడం గొంతు లేపలే. అది ఇంకా భయం.

“ఇప్పటి దాక ఎన్ని బండ్లకు కొట్టినవ్ ఇట్ల?”

“ఒక్కదానికి గూడ కొట్టలే మేడం.”

“ఇరవై సార్లు కొట్టిన ముక్క నా చేతుల ఉన్నది.”

నేను కొట్టలేదన్నది నిజం. నిజమని చూపెట్టనీకి ఏం లేదు.

“ఆ బండి పైపు మీద కొట్టినవా? సుత్తె ఆనిందా, ఒక్కసారన్న?”

“లేదు మేడం.”

“గ్రైండర్ ఎంత లోతు పోయింది?”

“తెల్లగయ్యే దాక, గంతె.”

సంచిల నుంచి చిన్న సీస తీసింది. ఆకుపచ్చ మందు. ఈ యాపారంల దొంగ నెంబర్లు చాన అని, ఏ బండి సూడవోయినా అది ఎంబడి తీస్కపోతదంట. పంచు మీద సుత్తె పడితె పైన అంకె పడ్తది, దాని కింద ఇనుము గూడ కమిలి గట్టిపడ్తది. పైనది తోమినా లోపటి దెబ్బ కొంచెం మిగులుతది. మందు ఆ కమిలిన ఇనుమును వేరే తీరుగ తింటది. దాని మీద ఇంకో దెబ్బ పడితె మాత్రం పాతది కలిసిపోతది, ఇంక దొరకది. ఇదంత ఆమె క్లాసుల చెప్పినట్టు చెప్పింది. నేను మంగళవారం లేపిన సుత్తె యాదికొచ్చింది.

రంగు నాతోటే తుడిపించింది. నీళ్ళ కాయితం, అదే సన్న గరుకు కాయితం తోటి నున్నగ రుద్దిపించింది. గోనె సంచి పరుచుకోని తానే ఎల్లకిల పండుకున్నది. దూది మందుల ముంచి రుద్దుడు, తుడుసుడు, మళ్ళ రుద్దుడు. లైటు నేను పట్టుకున్న.

“లైటు ఊపకు” అన్నది.

లైటును రెండు చేతుల తోటి పట్టుకున్న.

అర్ధగంట దాటింది. సారు బయట రోడ్డు దాక పోయి వస్తున్నరు. ఒకటి కావాలె, ఒకటి కావాలె అనుకుంట నిలవడ్డ. ఆమె రుద్దుడు ఆపింది. నేను వంగి సూసిన. ఇనుముల నీడ లెక్క ఉన్నది. పైన వంపు, మెడ, కింద అడ్డగీత. రెండు.

ఆమె ఫోన్ల ఫోటో తీసుకోని బయటికి వచ్చింది. చేతులు కడుక్కున్నది.

“ఇది నాన్న అమ్మిన బండి” అన్నది.

“చేసిన చెయ్యి ఒకటే కదండీ” అన్నరు సారు.

“ఒకటే. కాని ఆయన కూసున్నది ఈ బండిల కాదు.”

కొనలే. సారు దారి ఖర్చు ఇయ్యబోతె వద్దన్నది. ఒక్కటే అడిగింది. జరిగింది నేను నా చేతి తోటి రాసి, సంతకం పెట్టి, ఆ ఫోటోతో పాటు బండి ఫైల్ల పెట్టాలె. ఆమె ముందరనే కూసోని రాసిన. ‘ఆర్, నాలుగు నా కండ్లతో సూసిన. పక్క అంకె సూడకముందే గ్రైండర్ తోటి తోమిన. అచ్చు తియ్యలే. దాని మీద కొట్టలే. రంగు పూసిన. నర్సిములు, హెడ్ మిస్త్రీ.’ ఆ ఐదు ముక్కలు రాయనీకి బండి ఇంజన్ దించినంత సేపు పట్టింది. ఆమె చదవమన్నది, చదివిన. మడిచి ఫైల్ల పెట్టి పుణె బస్సుకు పోయింది.

సారు నన్ను తీసెయ్యలే. నెల దినాలు పని మాటలు తప్ప ఏం మాట్లాడలే. వానలు పడ్డంక మైసూరు నుంచి ఒకాయన వచ్చి ఆ బండిని నలభై రెండని తెలిసే కొనుక్కున్నడు. నా కాయితం సదివిపిచ్చుకోని, ఫైల్ల నుంచి తియ్యకుండ్రి అన్నడు. ఆ బండి ఇంకెన్ని చేతులు మారినా అది దాని ఎంబడి పోతది. నేను ఇంకో మూడేండ్లు చేసి పని ఇడిసిన.

ఈ పనిల తప్పు జరగకుంట ఉండది. జరిగిన గంటల చెప్పిన తప్పును ఎదుటోడు తప్పు లెక్కనే సూస్తడు. మూడు దినాలు దాస్తె దాని సుట్టు పైపు ముక్కలు, మసి రంగులు జమైతయి. అప్పుడు నిజం చెప్పినా దొంగ మాట లెక్క ఇనవడ్తది. సోమవారం నాడు ఫోన్ నా చేతుల ఉండె, సారు నెంబరు అండ్ల ఉండె. అప్పుడే చెప్పి ఉంటె, ఇది నాయిన బండే అన్న ఆశ తోటి ఆమె పుణె నుంచి బయలెల్లకపోతుండె.