మున్నేటి గేదె ఇంగ్లీషులో ఈదింది

జగ్గయ్యపేటలో మిర్చి వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టిన ప్రమీలారాణి, వత్సవాయి దగ్గరి ఒక ఊరి హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఆమె చదువంతా తెలుగు మీడియంలోనే సాగింది. గ్రామర్ ఎంత బాగా వచ్చినా, నలుగురి ముందు ఇంగ్లీషులో మాట్లాడాలంటే ఆమెకే బెదురు. మీటింగుల్లో కాగితం చూసి చదివేసి కూర్చునేది.

ఇక పిల్లల సంగతి చెప్పేదేముంది. జవాబులు బట్టీ పట్టి గట్టెక్కేవాళ్లు. ఒకసారి తొమ్మిదో తరగతి అక్షయ ధైర్యం చేసి లేచి, "మై గ్రాండ్‌మదర్ గో టు ఫీల్డ్" అంది. వెనక బెంచీల్లో నవ్వులు. కూర్చున్న పిల్ల ఆ తర్వాత నోరు విప్పలేదు.

ఆ నవ్వు ప్రమీలారాణి మనసులో ముల్లులా ఉండిపోయింది. ఒకరోజు ఇంటికి వెళ్తుంటే బస్సులో పక్కనున్న అమ్మాయి ఫోన్లో ఎవరికో వాయిస్ మెసేజ్ పెడుతోంది. సరిగ్గా రాలేదని తుడిచేసి మళ్లీ చెప్పింది, మళ్లీ తుడిచింది. ఫోను నవ్వదు కదా అనిపించింది ప్రమీలారాణికి.

మర్నాడు పిల్లలకో పని పెట్టింది. ఇంట్లో జరిగిన కథ ఏదైనా ఎంచుకోవాలి. ఫోన్లో ఫొటోలు తీసుకుని, తమ గొంతుతో ఇంగ్లీషులో చెప్పి చిన్న వీడియో చెయ్యాలి. తప్పొస్తే తుడిచి మళ్లీ చెప్పుకోవచ్చు.

"మరి సిలబస్సో?" అన్నారు హెడ్మాస్టరు వీరరాఘవయ్య.

"బడి వదిలాక చేయిస్తానండి. మార్కులు తగ్గితే నన్నడగండి," అంది.

వారం తిరక్కుండానే అక్షయ తండ్రి రత్తయ్య స్టాఫ్ రూమ్ గుమ్మంలోకి వచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

"ఆడపిల్ల చేతికి ఫోనిచ్చి ఏం నేర్పుతున్నారు టీచరుగారూ? పిలిచినా పలక్కుండా గొడ్ల చావిట్లో కూర్చుని దాంతోనే మాట్లాడుతోంది."

ప్రమీలారాణి వాదించలేదు. కుర్చీ చూపించి, అక్షయ పంపిన వీడియో పెట్టింది. మున్నేరు పొంగినప్పటి కథ అది. గోడ మీద నీటి చార, ఈది బతుకుతుందని పలుపు విప్పి గేదెని ఏట్లోకి వదిలేసిన నానమ్మ రాఘవమ్మ ముఖం, మూడో రోజున మెరక మీద దొరికిన ఆ గేదె. వాటి వెనక అక్షయ గొంతు తడబడుతూనే నడుస్తోంది. రత్తయ్యకి ఇంగ్లీషు రాదు. కానీ తన తల్లి బొమ్మ దగ్గర కూతురి గొంతు మెత్తబడటం అర్థమైంది.

"ఇదంతా మా పిల్లే చెప్పిందా అండి?"

"మీ పిల్లే. నేను ఒక్క మాటా అందించలేదు."

అతను కండువాతో ముఖం తుడుచుకుని, "మళ్లీ ఒకసారి పెట్టండి," అన్నాడు.

చలికాలంలో నందిగామలో చుట్టుపక్కల బడుల టీచర్లందరికీ సమావేశం పెట్టారు. అక్షయ వీడియో తెర మీద వేశారు. అయిపోగానే ముందు వరుసలోంచి ఒకాయన లేచి, ఇది టీచరు రాసిచ్చి చదివించిందేమో అన్నాడు. ప్రమీలారాణి పక్కనే కూర్చున్న అక్షయని చూపించింది.

"మీరే ఏదైనా అడిగి చూడండి సార్," అంది.

ఆయన ఇంగ్లీషులోనే అడిగాడు, వరదొచ్చినప్పుడు మీ నానమ్మ భయపడలేదా అని. అది వీడియోలో లేని మాట. అక్షయ లేచి నిలబడింది. హాలంతా ఎదురుచూస్తోంది. ప్రమీలారాణి సాయం చెయ్యలేదు.

"ఐ వాజ్ అఫ్రెయిడ్," అంది అక్షయ. "మై గ్రాండ్‌మదర్ వాజ్ నాట్ అఫ్రెయిడ్. షీ వాజ్ యాంగ్రీ. షీ స్కోల్డెడ్ ద రివర్."

హాలంతా నవ్వింది. ఈసారి అక్షయ కూడా నవ్వింది. అడిగినాయనే ముందుగా చప్పట్లు కొట్టాడు.

ఆ ఏడాది పిల్లలకి మార్కులు తగ్గకపోగా పెరిగాయి. పక్క మండలాల టీచర్లకి కూడా ఈ పద్ధతి నేర్పమని ప్రమీలారాణిని మైలవరం పిలిచారు. ఆమె కాగితం లేకుండా లేచి, ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మధ్యలో ఒక మాట తప్పింది. ఆగి, సరిదిద్దుకుని, ముందుకు సాగింది.

"ఇప్పుడు ఫోన్లు తీయండి. మీ ఇంట్లో జరిగిందొకటి చెప్పండి," అంది.

ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మూలన ఒక పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఫోన్లోకి ఇంగ్లీషులో గుసగుసగా మొదలుపెట్టింది. ఆమెని చూసి పక్కావిడ. కాసేపటికి ఆ గదిలో ఎవరి మాట ఎవరికీ వినబడలేదు.